ఆపని లారీ

గుల్చాలో తన ఇంటి ముందు తొక్తోసున్ మోటార్ సైకిల్ వెనక సీటు మీద దుప్పటి చుట్ట, పెట్రోలు డబ్బా పెట్టి తాడు బిగిస్తుంటే, అతని భార్య జుమాగుల్ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది.

"యాభై ఏళ్ళొచ్చాయి. ఆ కొండల్లో నడుం పట్టేస్తే ఎవరు చూస్తారు? మా తమ్ముణ్ణి తీసుకెళ్ళండి."

"వద్దు. పక్కన మనిషుంటే కబుర్లలో పడతాను. సరిహద్దు ఇవతలి సారీతాష్ దాకా వెళ్ళి, ధైర్యం చాలక, ఏదో వంక చెప్పి వెనక్కొచ్చేస్తాను."

"ఇంతకీ ముర్గాబ్‌లో ఎవరున్నారు మీకు?"

"ఒక మాస్టారు."

"ఏం పని ఆయనతో?"

"వచ్చాక చెప్తాను."

పెళ్ళై ఇరవై నాలుగేళ్ళు. మొగుడు ఎప్పుడు చెప్తాడో, ఎప్పుడు చెప్పడో ఆమెకు తెలుసు. లోపలికి వెళ్ళి రెండు రొట్టెలు గుడ్డలో చుట్టి తెచ్చి అతని కోటు జేబులో కుక్కింది. "పడిపోకండి," అంది, అంతే.

అతను చెప్పనిది ఇది. ముర్గాబ్ ఉన్న పక్క దేశంలో యుద్ధం జరుగుతున్న రోజుల్లో తొక్తోసున్ ఓష్ నుంచి ముర్గాబ్‌కి లారీలో గోధుమపిండి తోలేవాడు. ఒక ఏడు జనవరిలో, ఒక మధ్యాహ్నం, అక్‌బైతాల్ కనుమ ఎక్కకముందు, రోడ్డు పక్కన మంచులో ఒక మనిషి చెయ్యి ఊపుతూ కనిపించాడు. నక్కతోలు టోపీ. పక్కన బండి లేదు, గుర్రం లేదు. అప్పట్లో ఒకడు చెయ్యి ఊపితే లారీ ఆగేది, ఆగగానే బండల వెనక నుంచి నలుగురు తుపాకులతో వచ్చేవాళ్ళు. తొక్తోసున్ స్నేహితుడొకడు అలాగే లారీ పోగొట్టుకుని కాలినడకన తిరిగొచ్చాడు. తొక్తోసున్ ఆపలేదు. ఆపకపోగా ఇంకాస్త వేగం పెంచాడు.

వసంతంలో ఓష్ బజారులో ఎవరో అన్నారు, అక్‌బైతాల్ దగ్గర ముర్గాబ్ బడి మాస్టారు ఒరోజ్‌బెక్ మంచులో చిక్కుకుని సగం సగం పాదాలు పోగొట్టుకున్నాడని. తనకి చెయ్యి ఊపింది ఆ మాస్టారేనని తొక్తోసున్ రూఢిగా అనుకున్నాడు. ఆ తర్వాత అతను ఆ దారిన లారీ తోలలేదు. ఓష్‌కీ గుల్చాకీ మధ్య బొగ్గు తోలుకుంటూ బతికాడు. ఇరవయ్యొక్క ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఏప్రిల్‌లో బావమరిది వ్యానుని తను తోలుకొస్తుంటే, చియిర్చిక్ కనుమ మీద మంచు తుఫానులో అది ఆగిపోయింది. తొక్తోసున్ రోడ్డు మీద నిలబడి చెయ్యి ఊపాడు. పద్నాలుగు బండ్లు వెళ్ళిపోయాయి. పదిహేనోది ఆగింది. ఎవరో కొత్త దంపతులు. వెనక సీట్లో కూర్చోబెట్టి, వేడి టీ పోసిచ్చారు. అతను టీ తాగకుండానే గిన్నె తిరిగిచ్చేశాడు. ఇల్లు చేరేలోపే ముర్గాబ్ వెళ్ళాలని నిర్ణయించుకున్నాడు.

మొదటి రోజు సారీతాష్ దాకా బండి బాగానే నడిచింది. రెండో రోజు సరిహద్దు దగ్గరి కిజిలార్త్ కనుమ ఎక్కేసరికి దానికి ఊపిరి ఆడలేదు. గాలి పలచబడ్డ కొద్దీ దగ్గి దగ్గి ఆగిపోయేది. సరిహద్దు కాపలావాడు పాస్‌పోర్టు మీద ముద్ర వేస్తూ బండిని ఎగాదిగా చూశాడు.

"దీని మీద మీరు వెళ్తున్నారా పెద్దాయనా, మీ మీద ఇది వెళ్తోందా?"

"వంతులేసుకున్నాం," అన్నాడు తొక్తోసున్.

పదకొండేళ్ళు తిరిగిన రోడ్డే. కానీ అప్పుడు అద్దం వెనక నుంచి చూశాడు. హీటరు పక్కన, పాటలు వింటూ. ఇప్పుడు గాలి చొక్కాలోకి దూరి వీపు దాకా తడుముతోంది. గులకరాళ్ళ మీద బండి అదిరి పళ్ళు టకటకమంటున్నాయి. కరాకుల్ సరస్సు నీళ్ళు ముదురు నీలంగా, కదలకుండా ఉన్నాయి. ఎదురుగా గంటసేపు ఒక్క వాహనం రాలేదు. ఇక్కడ మనిషి ఎంత చిన్నవాడో లారీలో కూర్చున్నప్పుడు ఎప్పుడూ తోచలేదతనికి.

మూడో రోజు అక్‌బైతాల్. ఆ చోటు వచ్చింది. అతను తల తిప్పుకోలేదు, అలాగని ఆగనూ లేదు. చెప్పాల్సిన మాట ముర్గాబ్‌లో ఉంది కదా అనుకున్నాడు. చివరి ఏటవాలు దగ్గర బండి అతన్ని మోయనంది. దిగి, మొదటి గేరులో ఉంచి, దాని పక్కనే రొప్పుతూ నడిచాడు.

ముర్గాబ్‌లో మాస్టారి ఇల్లు అడిగితే బావి దగ్గరి ఆడవాళ్ళు ముగ్గురూ ఒకేసారి చెయ్యి చూపించారు. సున్నం కొట్టిన పొట్టి ఇల్లు. చేతికర్ర ఆనించుకుని ఎండలో కూర్చున్న ఒరోజ్‌బెక్, బండి చప్పుడుకి లేచి నిలబడ్డాడు. డెబ్భై దగ్గర పడుతున్న మనిషి, నవ్వుమొహం. తొక్తోసున్ తన పేరు, ఊరు చెప్పుకున్నాడు.

"గుల్చా నుంచి దీని మీదా? దీనికంటే నా కాళ్ళే నయం తమ్ముడూ! రా, లోపలికి రా. ఉల్‌బూబూ, చుట్టమొచ్చాడు!"

మాస్టారి భార్య ఉల్‌బూబు ఉప్పు వేసిన పాల టీ, వెన్న, రొట్టె తెచ్చి పెట్టింది. తొక్తోసున్ గిన్నె ముట్టుకోలేదు.

"ముందు నా మాట వినండి మాస్టారూ. విన్నాక కూడా పెట్టాలనిపిస్తే అప్పుడు తాగుతాను."

తల వంచుకుని మొత్తం చెప్పాడు. మంచు, చెయ్యి ఊపిన మనిషి, నక్కతోలు టోపీ, తొక్కిన యాక్సిలరేటరు. "ఆ లారీ నాదే," అన్నాడు చివరికి.

మాస్టారు నెమ్మదిగా అడిగాడు.

"కనుమకి ఏ పక్క?"

"ఉత్తరాన. కరాకుల్ వైపు. ఎక్కకముందే."

"నేను చిక్కుకుంది దక్షిణాన తమ్ముడూ. ఇటు పక్క. అదీ జనవరి కాదు, మార్చి. నక్కతోలు టోపీ నా జన్మలో లేదు. ఆ రోజు నెత్తికి మా ఆవిడ శాలువా చుట్టుకున్నాను."

తొక్తోసున్‌కి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "మరి అతనెవరు?"

"తెలీదు. ఆ చలికాలం ఈ ఊళ్ళో తిరిగి రానివాళ్ళంటూ లేరు. బయటివాడెవరో. నీ వెనకొచ్చిన లారీ ఎక్కించుకునే ఉంటుంది."

"ఆ రోజు నా వెనక లారీ లేదు."

తొక్తోసున్ లేవబోయాడు. ఇన్నేళ్ళు ఈ మొహాన్ని ఊహించుకుని, ఈ మనిషి చేత తిట్లు తినాలని ఇంత దూరం వస్తే, తిట్టాల్సిన మనిషే కాకుండా పోయాడు.

"కూర్చోండి," అంది ఉల్‌బూబు. ఇంతసేపూ ఆమె పొయ్యి దగ్గర నిలబడే ఉంది. "ఆయన కాకపోతే ఏం? మీరు ఆపలేదు, అది నిజమేగా?"

"నిజమే వదినా."

"మా ఆయన దగ్గర ఆరుగురు లారీ ఆపలేదు. వాళ్ళలో ఒక్కడూ ఈ గుమ్మం తొక్కలేదు. అందుకని వాళ్ళని అనాల్సిన మాటలు కూడా మీరే వినండి." ఆమె పొయ్యి వదిలి వచ్చి అతని ఎదురుగా నిలబడింది. "ఆ కాళ్ళకి కట్టు విప్పుతుంటే వేళ్ళు గుడ్డలతో పాటు ఊడొచ్చాయి. నా ఈ చేతుల్లోకి. మీకు భయమేసిందా? మాకెయ్యలేదా? తుపాకులకి భయపడ్డారు, సరే. కాస్త దూరంలో ఆపి, అద్దం దించి, 'ఎవరు నువ్వు' అని ఒక్క కేక వెయ్యలేకపోయారా? ఒక్క రొట్టె ముక్క విసరలేకపోయారా? కుక్కకైనా విసురుతారే! మీ పిల్లలకి ఆ రోజు ఇంటికెళ్ళి ఏం చెప్పారు? అన్నం ఎలా తిన్నారు?"

"ఉల్‌బూబూ, చాలు. చుట్టం," అన్నాడు మాస్టారు.

"చుట్టమైతే కూర్చుని వింటాడు. మీరూరుకోండి."

ఆమె చాలాసేపు తిట్టింది. తొక్తోసున్ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని విన్నాడు. కేక వెయ్యచ్చునన్న సంగతి ఇన్నేళ్ళలో తనకి తట్టనే లేదు. ఆపడం, ఆపకపోవడం, ఆ రెండే తెలుసు.

చివరికి ఆమె కళ్ళు తుడుచుకుని, చల్లారిన టీ పారబోసి, వేడిది పోసి అతని ముందు పెట్టింది. "తాగండి," అంది కటువుగానే. అతను తాగాడు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాడు. కనుమ దాటి దిగాక, ఉత్తరాన ఆ చోట బండి ఆపి, దిగి, ఆ మనిషి నిలబడ్డ చోటే నిలబడ్డాడు. అక్కడి నుంచి కరాకుల్ వైపు రోడ్డు తిన్నగా, ఎండలో మెరుస్తూ, చూపు ఆనినంత దూరం కనిపిస్తోంది. తన లారీ అతనికి మొదట ఒక చుక్కలా కనబడి ఉంటుంది. తర్వాత చీమంత, తర్వాత అగ్గిపెట్టంత. అరగంటసేపు ఆ మనిషి అది పెద్దదవుతుంటే చూస్తూ ఉండి ఉంటాడు.

తొక్తోసున్ అక్కడే కూలబడి ఏడ్చాడు.

సరస్సు ఒడ్డున కరాకుల్ ఊళ్ళో ప్రతి ఇంటి తలుపూ తట్టి అడిగాడు. ఆ జనవరిలో నక్కతోలు టోపీవాడు ఎవరైనా వచ్చాడా, ఎవరైనా పోయాడా అని. గొర్రెలు కొనడానికి సరిహద్దు అవతల అలాయ్ వైపు నుంచి ఒకడు వచ్చినట్టు గుర్తని ఒక ముసలామె అంది. తిరిగి వెళ్ళడం మాత్రం చూడలేదంది. పేరు తెలియదు.

ఇంటికి చేరేసరికి మొహం గాలికి పగిలి నల్లబడింది. జుమాగుల్ వేడినీళ్ళు పెట్టి ఎదురుగా కూర్చుంది. ఈసారి అతను ఏదీ దాచలేదు.

"మాస్టారి భార్య తిట్టింది," అన్నాడు.

"బాగా తిట్టిందా?"

"బాగానే."

జుమాగుల్ అతని బూట్లు తీసి పక్కకి పెట్టింది. తర్వాత అంది. "ఎవరో ఆవిడ చేత తిట్టించుకోడానికి అంత దూరం వెళ్ళారు. ఇరవయ్యొక్క ఏళ్ళు నేను ఈ ఇంట్లోనే ఉన్నాను కదా."

అతను వేడినీళ్ళు మొహాన చల్లుకున్నాడు.

"అలాయ్‌లో గొర్రెల బేరగాళ్ళు మా పెదనాన్న వాళ్ళకి తెలుసు," అందామె లేస్తూ. "ఆదివారం వెళ్ళి అడుగుదాం. ఈసారి నేనూ వస్తాను."