కారుకిచ్చిన గది

అన్యాయం జరిగింది ఎవరికి? కుర్చీలకూ సోఫాలకూ కొత్త గుడ్డ తొడిగే ఒక ఇల్లాలికి. ఏమిటా అన్యాయం? ఆమె పని గదిని రెండేళ్ళకని అడిగి తీసుకుని, ఆమె జుట్టు నెరిసినా తిరిగి ఇవ్వలేదు. తీసుకున్నది ఎవరు? కట్టుకున్న భర్త. ఇప్పుడా గదిలో కాపురం ఉంటున్నది ఎవరు? ఒక కారు. సాక్షులు లేరా అంటే ఇంటిల్లిపాదీ సాక్షులే. కాని ఇంట్లో జరిగిన అన్యాయానికి సాక్షులందరూ బంధువులే అవుతారు కనుక, ఎవరూ నోరు విప్పరు.

ఆ గది ఇంటి ముందు భాగంలో ఉంది. వీధి వైపు వెడల్పాటి షట్టరు, లోపలి వైపు వసారాలోకి చిన్న తలుపు. పెద్ద కిటికీలోంచి ఎండ నేరుగా పడదు; వెలుతురు మాత్రం పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒకే తీరున ఉంటుంది. ఎరుపులో ఏ ఎరుపో, పచ్చలో ఏ పచ్చో పోల్చుకోవలసిన వృత్తికి అటువంటి వెలుతురు వరం. పెళ్ళయిన కొత్తలో ఆమె గుడ్డలు కత్తిరించే బల్లను ఆ కిటికీ కిందనే వేసుకుంది. గోడకు సుత్తులు, కత్తెరలు, నవారు చుట్టలు వరుసగా వేలాడదీసుకుంది. విరిగిన కుర్చీ ఆ షట్టరులోంచి లోపలికి వస్తే కొత్త పెళ్ళికొడుకులా బయటికి వెళ్ళేది.

భర్త కీళ్ళ వైద్యుడు. మందులిచ్చేవాడు కాడు, వ్యాయామం చేయించేవాడు. మోకాలు పట్టేసినవాళ్ళూ భుజం లేవనివాళ్ళూ ఆయన దగ్గరకు వస్తారు. చదువు ముగించి వచ్చిన రోజుల్లో ఆయనకు నిలువ నీడ లేదు. "రెండేళ్ళు చాలు. నాకంటూ ఒక చోటు దొరగ్గానే నీ గది నీకే," అన్నాడు. ఆమె బల్లను తీసుకువెళ్ళి వసారాలో మెట్ల కింద వేసుకుంది, తాత్కాలికంగా. తాత్కాలికం అన్న మాటంత దీర్ఘాయుష్షు ఉన్న మాట మన భాషలో ఇంకొకటి లేదు.

ఆయన వైద్యం కలిసివచ్చింది. పెద్ద వీధిలో అద్దాల తలుపుల క్లినిక్ వెలిసింది. దాని గోడ మీద 'కదలనిది తుప్పు పట్టును' అని మనిషెత్తు అక్షరాలు రాయించాడు. వచ్చినవాళ్ళందరికీ మొదటి మందూ చివరి మందూ ఆ మాటే. ఊరివాళ్ళు ఆయనకు కదలండి డాక్టరు అని పేరు పెట్టారు. ఏరు దాటినవాడు తెప్పను తగలేశాడని అనడానికి వీలు లేదు. ఆయన తెప్పకు తాళం వేసుకున్నాడు. గదిలో పాత మంచాలూ బరువుల సంచులూ చేరాయి. చివరికి ఒకనాడు వాటిని తీయించేశాడు. ఆమె సంబరపడి, చీర చెంగు దోపుకుని, చీపురు తీసుకుంది. గది అద్దంలా తయారయ్యాక అందులోకి కారు వచ్చింది.

మోకాలు బాగుచేయించుకున్న ఒక ఆటగాడు విదేశాలకు వెళ్ళిపోతూ అమ్మిన కారు అది. నేరేడు పండు రంగు, నేలకు ఆనేటంత కిందికి దిగిన ఒళ్ళు, రెండే సీట్లు. కన్ను మూసి తెరిచేలోగా నూరు దాటుతుందట. అట అనే చెప్పాలి, ఎందుకంటే అది దాటగా చూసిన కన్ను ఆ ఇంట్లో లేదు.

డాక్టరు గారు దాన్ని బయటికి తీయలేదు. రోడ్ల మీద గుంతలు, గుంతల మధ్య ఆటోలు, ఆటోల పక్కన గీతలు పెట్టే పిల్లలు. పైన పక్షులు. తిరిగినకొద్దీ విలువ పడిపోతుంది. ఉంచినకొద్దీ పెరుగుతుంది అని ఆయన సిద్ధాంతం. క్లినిక్‌కు పాత చిన్న కారులోనే వెళ్ళేవాడు. ఆమె తమ్ముడు మాత్రం వచ్చినప్పుడల్లా ఈ వాదం తవ్వేవాడు. పరుగు కోసం పుట్టినదాన్ని కట్టేస్తే పాపమనీ, రోజూ నడపకపోతే ఆ డబ్బుతో ఒక బీరువా కొనుక్కోవలసిందనీ అతని వాదన. "బావా, పోనీ ఒక్కసారి వీధి చివరిదాకా తిప్పుదాం," అనేవాడు. బావగారు వినిపించుకోనట్టు కారు అద్దం తుడిచేవాడు.

ఆమెకు ఈ వాదంలో ఒక్క విషయమే పట్టింది. కారు రోజూ తిరిగితే పగలు క్లినిక్ ముందు ఉంటుంది, రాత్రి వీధిలో ఉంటుంది. తిరగకపోతే తన గదిలో ఉంటుంది. అందుకే తమ్ముడికి ఆ రోజుల్లో భోజనంలో ఒక గరిటె ఎక్కువే పడేది.

ఆ గదిలో కారుకు ఒక ఫ్యాను, తేమను పీల్చే ఒక యంత్రం, కిటికీకి మందపాటి తెర అమరాయి. మెట్ల కింద ఆమెకు నలభై వాట్ల బల్బు ఉంది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని అత్తగారు అనేది. ఎవరిని ఉద్దేశించో చెప్పేది కాదు. కడుపులో చల్ల కదలకుండా బతకడమంటే ఏమిటో ఆ ఇంట్లో కారుకే తెలుసు.

కారుకు కవరు కుట్టిపెట్టమని కూడా భర్త ఆమెనే అడిగాడు. ఊళ్ళో ఆమెకన్నా బాగా కుట్టేవాళ్ళు లేరని ముఖం మీదే పొగిడాడు. ఆమెకు ఒళ్ళు మండింది. వంకరగా కుట్టి కసి తీర్చుకోవచ్చు. కాని చెయ్యి ఒప్పుకోలేదు. పైన దళసరి గుడ్డ, లోపల దూదిలాంటి మెత్తని గుడ్డ, అంచు చుట్టూ తాడు పెట్టి బిగించిన కుట్టు. తనను వెళ్ళగొట్టినవాడికి పట్టుబట్టలు పెట్టినట్టయింది.

ఇక ప్రతి ఆదివారం ఒక తతంగం నడిచేది. కవరు ఒక కొస ఆయన, ఒక కొస ఆమె పట్టుకుని తీసేవారు. ఆయన కారును పసిబిడ్డకు పోసినట్టు నీళ్ళు పోసి కడిగేవాడు. ఇంజను స్టార్టు చేసి, ఆ గర్జన వింటూ కళ్ళు మూసుకుని నిలబడేవాడు. పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునేవారు. తరువాత ఇంజను ఆపి, ఎక్కడికీ పోదని తెలిసినా హ్యాండ్ బ్రేకు బలంగా లాగి, తడి ఆరకముందే కవరు కప్పించేవాడు. గది తాళంచెవిని కారు తాళంచెవితో కలిపి ఒకే వలయానికి తగిలించి, ఆ వలయాన్ని జేబులో వేసుకునేవాడు.

అటువంటి రోజుల్లో ఊళ్ళోని నాటకశాల మేనేజరు ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. నాటకశాల ముందు వరుసల కుర్చీలన్నీ చిరిగి స్ప్రింగులు పైకి వచ్చాయట. కొత్త నాటకం మొదలయ్యేలోగా అన్నిటికీ మఖమల్ గుడ్డ తొడగాలి. ఆమె జీవితంలో అంత పెద్ద పని ఎన్నడూ రాలేదు. మేనేజరు మెట్ల కింద బల్లను చూశాడు, దాని పక్కన నిలబడితే నెత్తికి తగిలే మెట్లను చూశాడు. అన్ని కుర్చీలు ఎక్కడ దింపించుకుంటారని మెల్లగా అడిగాడు. ఆదివారం కావడంతో చిన్న తలుపు తెరిచే ఉంది. అందులోంచి తొంగిచూడగానే ఆయన ముఖం వికసించింది.

"ఇంత గది పెట్టుకుని చెప్పరేంటండీ? ఆ కవరు కుట్టిందీ మీరేనా? అబ్బ, ఆ అంచు చూడండి. ఇంతకీ ఈ గది ఎవరిది?"

"కారుదండీ," అంది ఆమె.

మేనేజరు మర్యాదస్థుడు, నవ్వలేదు. వచ్చే వారం మొదట్లో మళ్ళీ వస్తాననీ, అప్పటికి చోటు చూపిస్తే పని ఆమెదేననీ, లేకపోతే వేరేవాళ్ళకు ఇవ్వక తప్పదనీ చెప్పి వెళ్ళాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె భర్తను అడిగింది. రెండు నెలలు కారును రోజూ నడపమంది, క్లినిక్ ముందు పెట్టుకోమంది. "ఎండలోనా?" అన్నాడాయన, ఎవరో కన్నబిడ్డను వీధిలో పడుకోబెట్టమన్నట్టు. అత్తగారు మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద కాస్త గట్టిగా పెట్టింది.

తరువాతి ఆదివారం డాక్టరు గారికి ఒక సరదా పుట్టింది. ఆయనలాగే ఖరీదైన కార్లున్న మిత్రులు కొందరు, అందరూ కార్లతో సహా వీధిలో నిలబడి ఫోటో తీయించుకుందామని వచ్చారు. వాళ్ళ కార్లు దుమ్ము కొట్టుకుని, ఒకటి రెండు గీతలతో, బాగా తిరిగిన మనుషుల్లా ఉన్నాయి. ఆయన జాలిగా నవ్వుకున్నాడు. భార్య సాయంతో పెళ్ళికూతురి మేలిముసుగు తీసినట్టు కవరు తీశాడు. అందరూ ఆహా అన్నారు. లోపల కూర్చుని స్టార్టు చేశాడు. కారు గర్జించింది. హ్యాండ్ బ్రేకు వదిలి ముందుకు నడపబోయాడు.

కారు కదలలేదు.

ఇంకా గట్టిగా తొక్కాడు. గర్జన పెరిగింది, కాలిన వాసన వచ్చింది, వెనక చక్రాలు మాత్రం శిలాశాసనాల్లా ఉన్నచోటనే ఉన్నాయి. మిత్రుల్లో ఒకడు వంగి చూసి విషయం చెప్పాడు. వారం వారం కడిగి, తడి మీదే బ్రేకు బిగించి, మెత్తని కవరు కప్పి, ఎన్నడూ కదపకపోవడంతో తుప్పు పట్టి బ్రేకులు చక్రాలను కరుచుకుపోయాయి. టైర్లు కూడా కిందివైపు చదునైపోయాయి.

అత్తగారు ఆ వేళకు తన ఉదయపు నడకలో ఉంది. కొడుకు ఆజ్ఞ ప్రకారం హాలు నుంచి గేటు దాకా రోజూ తిరుగుతుంది. కర్ర ఆనించి గది ముందు ఆగి, వచ్చినవాళ్ళందరినీ ఒకసారి చూసి, కొడుకు వైపు తిరిగింది.

"ఏం లేదురా నాయనా, కీళ్ళు పట్టేసినట్టున్నాయి. మీ క్లినిక్‌లో చూపించకపోయావా? నన్ను తిప్పినట్టే దాన్నీ పొద్దున్నే నాలుగు అడుగులు వేయించు."

మిత్రులు నవ్వు ఆపుకోవడానికి ఫోటోగ్రాఫరును పిలిచారు. కదలండి డాక్టరు స్టీరింగు పట్టుకుని కుక్కిన పేనులా కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి మెకానిక్ మనుషులు పెద్ద బండి తెచ్చి, కారును గొలుసులతో దాని మీదికి లాగారు. డాక్టరు గారు కలవరంలో కారు తాళంచెవులను వలయంతో సహా వాళ్ళ చేతిలో పెట్టేశాడు. బండి వీధి మలుపు తిరిగాక షట్టరుకు తాళం వేయబోయి జేబు తడుముకున్నాడు. జేబులో రుమాలు తప్ప ఏమీ లేదు.

ఆమె వాకిట్లో నిలబడి చూస్తోంది. గది బార్లా తెరిచి ఉంది. నేల మీద నాలుగు చక్రాల గుర్తులు నల్లగా మిగిలాయి. చాలా కాలం తరువాత ఆ గదిలో కనిపించినది ఖాళీ. ఆమె ముందు కిటికీ తెరను పక్కకు లాగేసింది. తరువాత తమ్ముడిని పిలిపించి, బల్ల ఒక కొస తాను, ఒక కొస అతను పట్టుకుని మెట్ల కింద నుంచి లోపలికి తెచ్చింది. భర్త అడ్డం రాలేదు. పరామర్శించే ఫోన్లకు జవాబు చెప్పుకోవడంతోనే ఆయనకు సరిపోయింది. ఆ వారం మేనేజరు వచ్చి చూసి, మరునాటికే లారీతో కుర్చీలు దింపించాడు.

కారు తిరిగి వచ్చేసరికి గది నిండిపోయింది. గుడ్డ ఊడదీసిన కుర్చీలు అస్థిపంజరాల్లా గోడ వెంబడి బారులు తీరాయి. కొబ్బరి పీచు ఒక మూల, స్పాంజి ఒక మూల. మెకానిక్ రోజూ నడపకపోతే మళ్ళీ ఇదే గతి అని చెప్పి పంపిన కారును వీధిలో ఆపి, డాక్టరు గారు లోపలికి వచ్చాడు. కత్తిరించే బల్ల మీద పరిచిన మెత్తని గుడ్డను చూసి ఆగిపోయాడు.

"అది కారు కవరు లోపలి గుడ్డ కదూ?"

"అవునండీ. మఖమల్ కింద వేస్తే గీతలు పడవు."

"నన్నొక మాట అడగొచ్చుగా?"

ఆమె కత్తెర ఆపలేదు. "మీరు నన్నడిగి తీసుకున్నారు. ఇచ్చింది వెనక్కి తీసుకోవడానికి కూడా నేనే అడగాలా?"

ఆయన వాదించడానికి నోరు తెరిచాడు. ఏ వైపునుంచి మొదలుపెట్టినా చివరికి తన గోడ మీది అక్షరాల దగ్గరకే చేరేట్టు కనిపించింది. వెనుదిరిగి బయటికి వెళ్ళాడు. తాళంచెవుల వలయం మాత్రం జేబులోనే ఉంది.

ఆ మరునాటినుంచి కారు రోజూ క్లినిక్‌కు వెళ్ళింది. మొదటి రోజు ఆయన ప్రతి గుంతకూ ప్రాణాలు ఉగ్గబట్టుకున్నాడు. స్పీడు బ్రేకరు మీద దాని కడుపు గీసుకుంటే ఆయన కారాపి దిగి, వంగి చూసుకున్నాడు. మూడో రోజుకు పావురం తన పని కానిచ్చింది. నెల తిరిగేసరికి తలుపు మీద ఎవరిదో సైకిలు గీత పడింది. విచిత్రమేమంటే, ఆ గీత పడ్డాక ఆయన ఈల వేస్తూ ఇంటికి రావడం మొదలుపెట్టాడు. క్లినిక్‌లో కొత్తవాళ్ళకు తన కారునే దృష్టాంతంగా చెప్పేవాడు. యంత్రాన్నయినా మనిషినయినా రోజూ కదిలించాలన్నది మొదటినుంచీ తన సిద్ధాంతమేనట. బావమరిది ఆ మాట విని కాఫీ పొలమారి దగ్గాడు.

పని ముగిసింది. నాటకం మొదలయ్యే సాయంత్రం లారీ వచ్చి కుర్చీలన్నీ తీసుకువెళ్ళింది. వెళ్ళాక చూస్తే ఒకటి మిగిలిపోయింది, కారణం అందులో అత్తగారు కూర్చుని ఉంది. నాణ్యం పరీక్షిస్తానని కూర్చుని, ఎర్ర మఖమల్ మెత్తదనానికి అలాగే కునుకు తీసింది. ఆవిడను లేపే ధైర్యం లారీవాళ్ళకు లేకపోయింది. మొదటి వరుస నడిమధ్య కుర్చీ అది. అది లేకపోతే వరుస పన్ను ఊడిన నోరులా ఉంటుంది. ఒప్పుకున్న మాట పోతుంది. ఆమె గాభరాగా వీధిలోకి చూసింది. వేరే బండి లేదు. కారు దిగుతున్న భర్త ఉన్నాడు.

ఆయన కుర్చీని చూశాడు, భార్య ముఖాన్ని చూశాడు. కారు రెండో తలుపు తెరిచాడు. అత్తగారిని లేపి, ఆవిడతో కలిపి ముగ్గురూ తంటాలు పడి కుర్చీని ఆ సీటులో దూర్చారు. దాని కాళ్ళు మెత్తని తోలులో దిగబడ్డాయి. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, తెరిచి, కుర్చీకి బెల్టు పెట్టాడు. కన్ను మూసి తెరిచేలోగా నూరు దాటే ఆ కారు మఖమల్ నలగకూడదని చెత్తబండి వెనక నత్తలా నడుచుకుంటూ నాటకశాలకు చేరింది. తెర లేవకముందే కుర్చీ తన చోట కూర్చుంది.

చీకటి పడుతుండగా ఆయన తిరిగి వచ్చి, కారును వీధిలో ఆపి, గదిలోకి వచ్చాడు. ఆమె నేల మీది దారపు ముక్కలు ఊడుస్తోంది. అత్తగారు కుర్చీ పోయిన బాధలో ముక్కాలి పీట మీద కూర్చుంది. ఆయన జేబులోంచి వలయం తీసి గది తాళంచెవిని ఊడదీయడానికి ప్రయత్నించాడు. ఇన్నేళ్ళ చెలిమి కదా, అది మొరాయించింది. గోరు విరిగింది. చివరికి ఊడివచ్చింది. దాన్ని బల్ల మీద, కత్తెర పక్కన పెట్టాడు.

"రెండేళ్ళు అయిపోయాయి," అన్నాడు.

ఆమె చీపురు గోడకు ఆనించి తాళంచెవి తీసుకుంది. షట్టరు దించి తాళం వేసి చూసింది. తీసి చూసింది. చిన్న తలుపుకూ అలాగే వేసి, తీసి చూసింది. తరువాత దాన్ని సుత్తుల వరుసలో ఖాళీగా ఉన్న మేకుకు తగిలించింది.

"ముట్టిందండీ," అంది.