గుమ్మంలోకి వచ్చిన ఘటం

మా మేనకోడలు విశాలి డిజిటల్ ఆర్ట్ క్యూరేటర్ అని చెబితే మా వీధిలో సగంమంది అదేదో జబ్బనుకున్నారు, మిగతా సగం ఆ జబ్బుకి డాక్టరనుకున్నారు. నిజానికి పని అర్థంకానిదేం కాదు. కంప్యూటరు మీద బొమ్మలు గీసేవాళ్లున్నారు. కొట్లో తెర ఉండి, దాని మీద ఏం వెయ్యాలో తెలియని వ్యాపారులున్నారు. ఏ తెరకి ఏ బొమ్మ నప్పుతుందో ఏరి, గీసినవాళ్ల అనుమతి తీసుకుని, ఎప్పటికప్పుడు మార్చి పెట్టడం విశాలి పని. వ్యాపారి నెలనెలా ఇచ్చేదాంట్లో కొంత గీసినవాళ్లకి, కొంత ఏరిన విశాలికి. చిత్రాల మీద డబ్బొస్తే చిత్రమే అనేవారందరూ. ఇంతవరకూ ఆ చిత్రం జరగలేదు.

ఈ అమ్మకం మీద వాళ్లమ్మకి నమ్మకం లేదు. మా చెల్లెలు జగదీశ్వరి ఒకటే మాట చెప్పేసింది: "నరసన్నపేట హోటలాయన సంతకం పెడితే సరే. లేదంటే సోమవారం నుంచి స్కూల్లో టీచరుగా చేరుతున్నావు."

ఆ హోటలాయన తిరుమలరావు. హైవే పక్కన టిఫిన్లు. అతని దగ్గర అట్టు పలచన, పట్టు చిక్కన. ప్రకటనలకని మనిషెత్తు తెర కొన్నాడు గానీ, గోడకి బిగించే కూలి మిగుల్చుకోడానికి గుమ్మం పక్కన నేలమీదే నిలబెట్టాడు. "వారంరోజులు ఊరికే ఆడించమ్మా, నచ్చితే ఏడాదికి రాసిస్తాను" అన్నాడు.

ఆఖరిరోజున నన్నూ నా బండినీ వెంటబెట్టుకెళ్లి విశాలి అసలు సరుకు బయటికి తీసింది. పొందూరు కుర్రాడు గిరిబాబు గీసిన బొమ్మ: పసుపు చీర కట్టిన ఆడమనిషి, నెత్తిన అమ్మవారి ఘటం, చుట్టూ వేపమండలు. డప్పులు మోగుతుంటే ఊగుతూ మనమీదికే నడిచొస్తుంది. రోడ్డుమీద ఆటోలు ఆగిపోయాయి. ఇడ్లీ తింటున్నవాళ్లు చట్నీలో వేలుంచి చూస్తూ ఉండిపోయారు.

"బాగున్నాదమ్మీ!" అంటూ తిరుమలరావు గల్లాపెట్టె మీద ఒప్పంద కాగితం పరుచుకున్నాడు. పెన్ను మూత తీశాడు. విశాలి నా చెయ్యి పట్టుకుంది. పట్టుకోవడం కాదు, పిండేసింది.

సరిగ్గా అప్పుడే అతని తల్లి జగ్గమ్మ డప్పులు విని వంటింట్లోంచి తొంగిచూసింది. మళ్లీ లోపలికెళ్లింది. బిందెడు పసుపునీళ్లతో బయటికొచ్చింది.

మా వైపు ఘటం ఇంటి ముందుకొస్తే, ఎత్తుకున్న మనిషి కాళ్లమీద పసుపునీళ్లు పోసిగానీ పంపరు. జగ్గమ్మ పోసింది. బిందెడూ పోసింది.

టప్పుమంది. తెర చీకటి, ఫ్యాను నిశ్శబ్దం, గ్రైండరు మౌనవ్రతం. కరెంటు పోయింది, దాని వెనకే కాంట్రాక్టూ పోయిందనుకున్నాను.

"అమ్మా! ఏటి సేసినావే! అది బొమ్మే!" తిరుమలరావు గోల.

"బొమ్మని నాకు తెల్దేట్రా? బొమ్మైతే మాత్రం ఘటం కాదేటి? గుమ్మంలోకొచ్చిన తల్లిని పొడికాళ్లతో పంపెత్తావా?"

"తెర కాలిపోనాదే!"

"నేలమీద నిలబెట్టింది నాను కాదు గదా. నాలుగడుగులు పైన ఎట్టుంటే నా బిందె అందేదేటి?"

హోటలంతా గొల్లుమంది. ఆ నవ్వుతో తిరుమలరావుకి ఒళ్లు మండింది. "నీ బొమ్మలూ వొద్దు, నీ బేరమూ వొద్దు. ఎల్లమ్మా ఎల్లు" అని పెన్ను మూత పెట్టేశాడు. కళనే నమ్ముకున్న పిల్ల ముఖంలో కళ లేదు. సంచీ భుజాన వేసుకుంది.

"ఆగమ్మీ" అంది జగ్గమ్మ. "ఒరే, ఈ ఘటం తెచ్చిందెవులు?"

"ఇంకెవులు, ఈ పిల్లే."

"ఘటం తెచ్చిన మనిషిని ఒట్టి సేతుల్తో పంపుతావా? పంపు. రేపట్నుంచి సట్నీ నువ్వే సేసుకో."

ఆ హోటలుకి జనం వచ్చేది అట్ల కోసం కాదు, జగ్గమ్మ చట్నీ కోసం. ఆ సంగతి అట్లకి కూడా తెలుసు.

జగ్గమ్మ లోపల్నుంచి కొత్త చీర తెచ్చి విశాలి చేతిలో పెట్టబోయింది.

"చీర వద్దు మామ్మా," అంది విశాలి. "మీ అబ్బాయి సంతకం ఇప్పించండి, చాలు."

"ఇన్నావురా? ఎట్టు."

"తెర బాగవ్వాల గదే అమ్మా..."

"తెర ఎండీలోగా నువ్వు సంతకం ఎట్టు!"

పెట్టాడు. ఏడాదికి పెట్టాడు. తొందరలో పేరు చివర రావు కాస్తా రాకుండా పోతే, జగ్గమ్మ మళ్లీ పెట్టించింది. విశాలి కాగితం తీసుకుని కదలబోతే చీర కూడా భుజాన కప్పింది. "సంతకం ఆడిది. సీర నాది."

బయటికి రాగానే విశాలి ఫోన్లో ఆ డప్పుల మోత పెట్టి, భుజాన చీరతోనే హైవే పక్కన గెంతులు మొదలెట్టింది. ఆటోవాళ్లు ఈలలేశారు. ఒకడు హారనుతో తాళం అందుకున్నాడు.

"మావయ్యా, బండి తియ్యి! అమ్మకి ఫోన్లో చెప్పను, ఎదురుగా నిలబడి చెప్తాను!"

నేను బండి తియ్యలేదు. యాభై దాటిన ఒంటితో నేనూ రెండడుగులు వేశాను. రెండోదానికి మోకాలు పట్టేసింది. ఇంటిదాకా బండి విశాలే నడిపింది.