పొడుగు చేతుల గౌను

స్టూడియోలో దుస్తులు కుట్టే సూదక్కకు నలభై ఏడేళ్ళు. అందరికంటే గంట ముందే వస్తుంది. ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా ఆ రోజు గౌన్లన్నీ తిరగేసి చూసుకుంటుంది. వందేళ్ళ కిందటి ఒక మిల్లు యజమాని కథను సీరియల్‌గా తీస్తున్నారక్కడ. కిందటి నెల అందులో గుమస్తా చేతికి ప్లాస్టిక్ గడియారం కనబడిందని జనం నాలుగు వందల ఉత్తరాలు రాశారు. అప్పటినుంచీ డైరెక్టర్‌కి గుండీ చూసినా గుండె దడే.

ఆ మిల్లు యజమాని భార్య రోజూ పదకొండింటికి వచ్చేది. పోయి తొంభై ఎనిమిదేళ్ళయింది. గేటు దగ్గర వాచ్‌మన్ పుస్తకంలో సంతకం పెట్టించుకుని లోపలికి వదిలేవాడు. తన సంసారాన్ని ఎలా చూపిస్తున్నారో చూసుకుంటానంది. కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? పైగా ఆమెవల్ల లాభమే. "ఈ దీపం మా ఇంట్లో లేదు" అంటే దీపం మారేది. "తాళాలు ఆయన దగ్గరే ఉండేవి" అంటే గుత్తి హీరోయిన్ నడుము నుంచి హీరో జేబులోకి వెళ్ళిపోయేది.

ఇరవై ఆరేళ్ళకే పోయిన మనిషి కాబట్టి సూదక్కను అక్కా అని పిలిచేది. సూదక్క ఆమెను అమ్మగారూ అనేది.

ఒకరోజు అంగళ్ళ వీధి సీను తీస్తున్నారు. ముప్ఫై మంది ఆడవాళ్ళు మణికట్టు దాకా చేతులున్న గౌన్లలో చెమటలు కక్కుతున్నారు. ఆమె వాళ్ళని చూసి నిలబడిపోయింది.

"వీళ్ళందరికీ ఏమైంది అక్కా?"

"ఏం కాలేదమ్మగారూ. అప్పటి ఫ్యాషనే కదా! మీ ఫోటో చూసే కుట్టాను."

ఉత్తరాల తర్వాత తప్పులు పట్టడానికి పెట్టుకున్న చరిత్ర మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఆధారం ఉందండీ. నడివేసవిలో తీసిన ఫోటోలో కూడా మీవి పొడుగు చేతులే."

"నా ఒక్కదానివే. తక్కినవాళ్ళంతా మోచేతి పైకే వేసుకునేవాళ్ళు. నాకు దాచుకోవలసినవి ఉండేవి."

మాస్టారు రాయడం ఆపాడు. డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఇది మిమ్మల్ని ప్రాణంగా చూసుకున్న మొగుడి కథ. మీరు జ్వరంతో పోతారు. ఆయన ఏడ్చి ఏడ్చి మిల్లు మూసేస్తాడు. మీరు దీపాలూ తాళాలూ చెప్పండి, చాలు."

"జ్వరమా? మెట్ల మీంచి తోశాడు నన్ను."

"ఎలాంటి మెట్లండీ, చెక్కవా, రాతివా?" అడిగాడు సెట్లు వేసేవాడు, కాగితం తీసి.

మధ్యాహ్నం ఆమె కుట్టుగదిలోకి వచ్చి కూర్చుంది. మెడకి రుమాలు చుట్టుకుని సూదక్క ఏదో చొక్కా కత్తిరిస్తోంది. కాలరు గడ్డం దాకా లేస్తుంది.

"ఇది ఏ పాత్రకి అక్కా?"

"నాకే."

"ఈ ఎండల్లోనా?"

"గొంతు బాగాలేదమ్మగారూ. పడిశం."

"పడిశం నీకా, మీ ఆయన చేతులకా?"

కత్తెర ఆగింది. సూదక్క మెడ మీది రుమాలు సర్దుకుంటూ అంది: "తాగినప్పుడేలెండి. ఇరవై రెండేళ్ళు నెట్టుకొచ్చాను, ఇంకెన్నాళ్ళు..."

"నాకూ మొదట మోచేతి కిందికి కాస్త దించితే సరిపోయింది. ఏడాది తిరిగేసరికి మణికట్టు దాకా కుట్టించుకున్నాను. ఆ తర్వాత కాలరు. కాలరు వేసుకున్న పదోరోజున మెట్లు. కాలరు దాటాక ఇంక కుట్టించుకోవడానికి ఏమీ ఉండదక్కా."

మర్నాటి నుంచి అమ్మగారు రాలేదు. వాచ్‌మన్ రెండు రోజులు పుస్తకంలో ఒక వరస ఖాళీగా ఉంచి, మూడోరోజు అక్కడ పాలవాడి పేరు రాసుకున్నాడు.

సీరియల్‌లో మిల్లు యజమాని భార్య జ్వరంతోనే పోయింది. ఆ ఏడాది దానికి చరిత్రను ఉన్నదున్నట్టు చూపించినందుకు బహుమతి వచ్చింది. తప్పుందని ఒక్క ఉత్తరం రాలేదు. పొడుగు చేతుల గౌన్లు కొట్లలో కుట్టినవి కుట్టినట్టే అమ్ముడుపోయాయి. ఎవరు ఏం దాచుకోవడానికి కొన్నారో ఎవరికి కావాలి?

అమ్మగారు ఆ మాటన్న మధ్యాహ్నమే, కాలరు గుడ్డను సగంలో వదిలేసి, సూదక్క పోలీస్ స్టేషన్‌కి వెళ్ళింది. మూడు గంటలు బల్ల మీద కూర్చోబెట్టారు, కూర్చుంది. రాజీపడమని వాళ్ళు చెప్పారు, అత్తగారు చెప్పింది, సొంత అన్న చెప్పాడు. ఆమె కోర్టుకి తొమ్మిదిసార్లు వెళ్ళి తొమ్మిదిసార్లూ, మొగుడు గొంతు నులిమాడని, అదే మాట చెప్పింది.