మెట్ల దిమ్మె మీద దుప్పటి

గోర్డన్ స్టాబ్స్‌తో నేను మాట్లాడి పంతొమ్మిదేళ్లయింది. కారణం ఒక లీకుల్లి.

మా బ్రాక్‌సైడ్‌లో గని నడిచే రోజుల్లో మగవాళ్లు పగలు బొగ్గు తవ్వేవారు, సాయంత్రం లీకుల్లి పెంచేవారు. గని మూసేశారు. లీకుల్లి మిగిలింది. అదీ ఉల్లి జాతిదే గాని, కాడ మనిషి మోచేతి లావున ఊరుతుంది. సెప్టెంబరులో క్లబ్బులో పోటీ. వేరు నుంచి మొదటి ఆకు విడే చోటు దాకా ఉన్న తెల్లకాడనే కొలుస్తారు. ఆపైన ఆకు ఎంత గొప్పగా ఉన్నా లెక్కలోకి రాదు. తెల్లకాడ ఆరంగుళాలు దాటితే పోటీలోంచి తీసేస్తారు. ఆ ఏడు న్యాయనిర్ణేత స్టాబ్స్. నా కాడను అటు తిప్పి ఇటు తిప్పి కొలిచి, "వెంట్రుకవాసి ఎక్కువుంది" అని పక్కన పడేశాడు.

ఎక్కువ లేదు. ఈ రోజుకీ అదే మాట చెబుతాను.

నా భార్య బ్రెండా ఆ లీకుల్లితోనే సూప్ కాచి, స్టాబ్స్‌కి ఒక గిన్నెడు పంపింది. "మీ కొట్లాటకి ఉల్లి ఏం చేసింది పాపం" అంది. అతను తాగి, గిన్నె కడిగి పంపాడు. నేను రెండ్రోజులు బ్రెండాతో మాట్లాడలేదు. ఆ రెండ్రోజులూ ఇల్లు ప్రశాంతంగా ఉందని ఆమె వీధంతా చెప్పుకుంది.

బ్రెండా పోయింది. ఆమె అంత్యక్రియలకు స్టాబ్స్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. నేను చెయ్యి కలపలేదు.

కొత్త నియమం ఏప్రిల్లో లండన్ నుంచి వచ్చింది. ఊరి కౌన్సిల్ అద్దెకిచ్చిన ఇంట్లో ఉంటూ అద్దె సాయం తీసుకునేవాడికి, అవసరానికి మించి పడకగది ఉంటే సాయంలో కోత. ముసలివాళ్లకు కోత లేదు. పింఛను వయసుకు నాకింకా రెండేళ్లు తక్కువ. గనిలో పోయిన మోకాళ్లు మాత్రం ఆ వయసు ఎప్పుడో దాటాయి. వాటిని ఎవరూ అడగలేదు.

మా ఇంట్లో ఒక పడకగది ఉంది. మెట్ల పైన సామాన్లు పడేసుకునే చిన్న పెట్టెగది ఒకటి ఉంది. మెట్ల కప్పు ఆ గదిలోకి పొడుచుకొచ్చి, సగం నేలను దిమ్మెలా ఆక్రమించింది. కౌన్సిల్ లెక్కలో అది రెండో పడకగది. కోత భరించాలంటే వారంలో ఒక రోజు పొయ్యి వెలిగించకూడదు. వద్దంటే పట్నంలో ఏడో అంతస్తులో ఒంటిగది ఇల్లు ఇస్తామన్నారు. ఏడో అంతస్తులో మట్టి ఉండదు. నా పెరట్లో లీకుల్లి మడి ఉంది. పెళ్లయిన ఏడు బ్రెండా, నేనూ కలిసి తవ్విన మడి అది. అందులోని మట్టి ఎక్కడా కొనడానికి దొరకదు.

పక్కింటామె మోరీన్ టులిప్, మా మధ్య గోడ మీద చేతులానించి నిలబడింది. ఊళ్లో ఏం జరిగినా ముందు ఆ గోడ మీదికే వస్తుంది.

"రేమండూ, కౌన్సిల్ పరిశీలన కమిటీ వస్తోందట. ఈ కోత వల్ల ఎవరికేం అవుతోందో ఇంటింటికీ వచ్చి చూస్తారట. నీ పేరిచ్చాను."

"ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలా. అడిగితే నువ్వు వద్దంటావుగా!"

"కమిటీకి పెద్ద ఎవరు?"

మోరీన్ తన బంతిపూల వైపు చూసింది. "స్టాబ్సే."

"నేను కోళ్లగూట్లో పడుకుంటాను గాని..."

"నీకు కోళ్లగూడు ఎక్కడుందయ్యా? ఉంటే దాన్ని కూడా పడకగదంటారు జాగ్రత్త! చూడు, నా ఇల్లు చూపిద్దామంటే ఆ గదిలో మనవలు పడుకుంటారు, నాకు కోత లేదు. వీధిలో ఈ గది ఉండి తిప్పలు పడేది నువ్వు. వాళ్లని రానీ. మాట్లాడద్దులే, నేను మాట్లాడతా. నువ్వు మూతి ముడుచుకుని నిలబడు. అదెలాగూ నీకు రోజూ అలవాటేగా!"

రావడం వరకు సరే. అసలు చిక్కు వేరే ఉంది. పెట్టెగదిలో నా పీపా ఉంది.

లీకుల్లి పెంచేవాడికి ప్రాణం ఎక్కడ ఉంటుందంటే, అతను మొక్కకు పోసే కషాయంలో ఉంటుంది. గొర్రెపెంట, నల్లబీరు, బెల్లపుపాకం ప్రతివాడూ వేస్తాడు. నా పీపాలో బ్రెండా కనిపెట్టిన వస్తువు ఇంకొకటుంది. అదేమిటో ఇక్కడ రాయను. బయట పెడితే వాసన పట్టేస్తారని పీపాను మేడ మీద దాచాం. ఇంకో మూడు వారాల్లో పోటీ. పోటీలో నాకు ఎదురు నిలిచేవాడు స్టాబ్స్. అతని ముక్కు సంగతి ఊరందరికీ తెలుసు. గొడుగు వాసన చూసి ఏ ఇంటిదో చెబుతాడు.

పీపాను కిందికి దించుదామంటే నా మోకాళ్లు ఒప్పుకోలేదు. కమిటీ వచ్చే రోజు పొద్దున్నే దాన్ని దిమ్మె మీదికి దొర్లించి, జారకుండా ఇటుక అడ్డుపెట్టి పడుకోబెట్టాను. మూత బిగించాను. పైన బ్రెండా కుచ్చుల దుప్పటి కప్పాను. వాసన తెలియకుండా కిటికీలో వెనిగర్ పెట్టాను. నా తెలివికి నేనే సంతోషించాను.

వాళ్లు నలుగురు వచ్చారు. ముందు హెలెన్ కార్‌మైకేల్ అనే అమ్మాయి, ఇళ్ల విభాగం అధికారిణి. మర్యాద తెలిసిన పిల్ల, గుమ్మంలో బూట్లు తుడుచుకుంది. వెనక కౌన్సిలర్ హెట్టీ ప్రౌడ్‌లాక్. ఆమె కాలు మోపగానే మా మెట్లు మూలిగాయి. ఆమె వెనక సన్నటి కౌన్సిలర్ ఒకాయన, అందరి కోట్లు మోస్తూ. చివర స్టాబ్స్. మోరీన్ అందరికంటే ముందే పైకెక్కి కూర్చుంది.

హెలెన్ పెట్టెగది తలుపు తీసింది. టక్కున ఆగి, గొంతు తగ్గించింది.

"అయ్యో, క్షమించండి. ఎవరో పడుకున్నారు."

నేను చూశాను. నిజమే. కుచ్చుల దుప్పటి, దాని కింద పొడుగ్గా, గుండ్రంగా ఒక ఆకారం. ఒక కొసన పీపా మూత తలలా ఉబ్బి ఉంది. మనిషే. పైగా బాగా తిన్న మనిషి.

సరిగ్గా అప్పుడే కషాయం పొంగి, పీపా లోపల గుడగుడమంది.

"గురక పెడుతున్నాడు. లేపకండి పాపం" అంది ప్రౌడ్‌లాక్.

"హిండ్‌మార్ష్ గారూ, ఒక్కడినే ఉంటున్నానని మీరు చెప్పారు కదా?" అని హెలెన్ మెల్లగా నన్నడిగింది. "ఇక్కడ పక్క వేసి ఉంది, మనిషి పడుకున్నాడు. అంటే ఇది పడకగదే కదండీ. ఆయన అద్దెకుంటున్నారంటే అది ఇంకో సంగతవుతుంది."

"ఎవడ్రా రేమండూ వాడు?" అంది మోరీన్, నవ్వాపుకోలేక. "ఇన్నాళ్లూ నాకు తెలీకుండా ఎక్కడ దాచావు?"

అందరూ నా వైపు చూశారు. దుప్పటి తీస్తే బ్రెండా రహస్యం స్టాబ్స్ ముక్కు కింద పెట్టినట్టే. తీయకపోతే ఆమె మడి పోతుంది, ఇల్లు పోతుంది, ఏడో అంతస్తు మిగులుతుంది. నేను కుచ్చు పట్టుకుని నిలబడ్డాను.

గుమ్మంలో స్టాబ్స్ ముక్కుపుటాలు ఒకసారి కదిలాయి. వెనిగర్ ఎవరినీ మోసం చేయలేదు.

"ఆగండి" అన్నాడతను. "నాకిందులో స్వప్రయోజనం ఉంది. ప్రకటిస్తున్నాను."

కౌన్సిల్లో అదొక ఆచారం. సొంత లాభనష్టాలున్న విషయం వస్తే ఆ సంగతి పైకి చెప్పి, గది వదిలి వెళ్లాలి. బావమరిది దుకాణం గురించో, పెరటి గోడ గురించో చెబుతారు. మంచం గురించి ఎవరూ చెప్పగా వినలేదు.

"ఏం ప్రయోజనం ఛైర్మన్ గారూ?" అంది హెలెన్.

"పోటీదారుణ్ణి. రాసుకోమ్మా. హెట్టీ, నువ్వు చూసుకో."

మెట్ల మీది నడవలోకి వెళ్లి గోడకు తిరిగి నిలబడ్డాడు. జేబురుమాలు తీసి ముక్కు మూసుకున్నాడు. వీపు తప్ప ఏమీ కనబడలేదు. "ఇప్పుడు తియ్యమనండి" అన్నాడు, జలుబు చేసినవాడి గొంతుతో.

నేను దుప్పటి లాగేశాను.

"మేరీమాతా!" అని సన్నటాయన కోట్లు వదిలేశాడు. వాసనకు ప్రౌడ్‌లాక్ కళ్లలో నీళ్లొచ్చాయి. హెలెన్ కిటికీ తెరవబోయింది. మధ్యలో దిమ్మె అడ్డం వచ్చి అందలేదు.

"ఇది మీ అద్దెమనిషి" అన్నాను.

"మంచివాడే. స్నానం చేయించాలి" అంది మోరీన్.

హెలెన్ నవ్వేసింది. నవ్వినా ఉద్యోగం ఉద్యోగమే. "పీపా తీసేస్తే ఖాళీ గదే కదండీ. గోడ నుంచి గోడకి కొలిస్తే ఒక మనిషి పడకగది కొలత వచ్చింది. మాకున్న పద్ధతి అదే."

"దిమ్మె కూడా కలిపేనా?" అంది ప్రౌడ్‌లాక్.

"కలిపేనండీ."

"అయితే నేను పడుకుని చూస్తా." ఎవరూ ఆపకముందే ఆమె నేల మీద కూర్చుని, పక్కకు ఒరిగి, కాళ్లు చాపింది. తల గోడకు తగిలింది. కాళ్లు గుమ్మం దాటి నడవలోకి వెళ్లి స్టాబ్స్ మడమలకు తగిలాయి. అతను వెనక్కి తిరగలేదు.

"ఎవరిదా కాలు?" అన్నాడు గోడతో.

"నాదే గోర్డన్. పడుకున్నా."

"తలుపు పడుతుందా?"

"ఎలా పడుతుందయ్యా? మధ్యలో నేనున్నాగా!"

"దిమ్మె మీద పడుకోవచ్చుగా?"

"పడుకుంటే పీపాలాగే దొర్లుతా. అది ఏటవాలుగా ఉంది."

"నిలబడొచ్చా?"

"తల కప్పుకి తగులుద్ది."

"అయితే అది నేల కాదు" అన్నాడు స్టాబ్స్. "కాలు మోపడానికి పనికిరాని దాన్ని నేలతో కలిపి కొలవడమేంటి? ఆకు లెక్కలోకి రాదు. ఆకు విడే చోటు దాకానే కొలవాలి."

"ఛైర్మన్ గారూ, మీరు స్వప్రయోజనం ప్రకటించారు. మాట్లాడకూడదు" అంది హెలెన్.

"ప్రకటించింది పీపా మీదమ్మా. నేల మీద కాదు."

నేనా మాట విన్నాను. ఆకు లెక్కలోకి రాదు. పంతొమ్మిదేళ్ల కిందట కూడా అదే మాట, అదే గొంతు. అప్పుడు ముక్కు మూసుకోలేదు, అంతే తేడా.

"మోరీన్," అన్నాను, "ఛైర్మన్ గారికి చెప్పు. కొలిచేటప్పుడు వెంట్రుకవాసి కూడా వదలొద్దని చెప్పు."

"వినపడింది" అంది గోడ.

హెలెన్ టేపు తీసింది. దిమ్మె మొదలయ్యే చోటు నుంచి గోడ దాకా కొలిచింది. మళ్లీ కొలిచింది. తల ఊపుతూ, "ఇలా కొలిస్తే దీన్ని పడకగదని నేను రాయలేను. వీధిలో మిగతా పెట్టెగదులు కూడా ఇంతే అయుంటాయి" అంది. న్యాయంగానే అంది. ప్రౌడ్‌లాక్‌ని నేల మీద నుంచి లేపడానికి ముగ్గురం కావలసి వచ్చింది. స్టాబ్స్ వీపు వెనక్కి చెయ్యి చాచి సాయం పట్టాడు. ముక్కు మీది రుమాలు తీయకుండానే మెట్లు దిగి, వీధిలోకి వెళ్లాక ఊపిరి పీల్చుకున్నాడు. కిటికీలోంచి చూశాను. ముఖం కందిపోయి ఉంది.

కమిటీ తన మాట రాసి పంపింది. లండన్ నియమాన్ని మార్చడం వాళ్ల చేతిలో లేదు. ఇల్లు కౌన్సిల్‌ది కాబట్టి, ఏది పడకగదో చెప్పడం వాళ్ల చేతిలో ఉంది. మెట్ల దిమ్మె ఉన్న గదులన్నీ సామాన్ల కొట్లని, పడకగదులు కావని కౌన్సిల్ ఒప్పుకుంది. సరిగ్గా పోటీ వారంలో ఆ కబురు హెలెన్ స్వయంగా వచ్చి చెప్పింది. మోరీన్ గోడ మీద నుంచి వీధికంతా వినిపించింది. వీధిలో ఆ రాత్రి బేకన్ మాంసం వేగని ఇల్లు లేదు. నేనూ పొయ్యి వెలిగించాను.

పోటీలో మొదటి బహుమతి పొరుగూరివాడెవడో పట్టుకుపోయాడు. పేరు కూడా గుర్తు పెట్టుకోదలచుకోలేదు. స్టాబ్స్ రెండో వాడు, నేను మూడో వాణ్ణి. అతని లీకుల్లి దగ్గర వంగి వాసన చూశాను. పెంట, బీరు, పాకం. బ్రెండా వస్తువు లేదు. మనిషి నిజంగానే ముక్కు మూసుకున్నాడు.

క్లబ్బులో నా మూలన కూర్చున్నాను. స్టాబ్స్ రెండు గ్లాసుల బీరు పట్టుకొచ్చి, ఒకటి నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. బల్ల వెనక మోరీన్ పైకి లేచి నిలబడింది, సరిగ్గా కనపడాలని.

నేను గ్లాసు వైపు చూశాను. అంచు దాకా ఉంది. వెంట్రుకవాసి కూడా తక్కువ లేదు. తాగాను. థాంక్స్ చెప్పలేదు. ఆ కాడ ఆరంగుళాల లోపే ఉంది, అతను తప్పు కొలిచాడు. ఒక గది దాన్ని చెరిపేయదు.

"ఏం హిండ్‌మార్ష్," అన్నాడతను, "నీ రెండో గది ఎలా ఉంది?"

మూతి తుడుచుకున్నాను.

"ఏ గది స్టాబ్స్? మా ఇంట్లో ఉన్నది ఒకటేగా!"