అడవి ఫీడర్

సాయంత్రం ఐదు లోపు అక్సా హైదరాబాద్‌లో ఉండాలి. లేకపోతే సీటు పోతుంది.

ఈసెట్ ఆఖరి విడతలో వచ్చిన సీటు అది. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసినవాళ్లు ఆ పరీక్ష రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడులో చేరొచ్చు. అక్సాకు వచ్చింది ప్రైవేటు కాలేజీలో కాదు, యూనివర్సిటీ సొంత కాలేజీలో. ఎలక్ట్రికల్ బ్రాంచి. ఒరిజినల్ సర్టిఫికెట్లతో స్వయంగా వెళ్లి రిపోర్ట్ చేయాలి. నిన్ననే బయలుదేరాల్సింది. గాలివానకు బూర్గంపాడు మండలంలో ఎక్కడికక్కడ స్తంభాలు ఒరిగాయి, ఆమె పనిచేసే సబ్‌స్టేషన్‌లో ఎవరికీ సెలవు దొరకలేదు. ఈరోజు తప్పితే ఇక లేదు.

డిప్లొమాలో ఆమెతో ఒకే గదిలో ఉన్న సాహిత్య అప్పుడే బీటెక్‌లో చేరిపోయింది. అక్సా సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఉద్యోగంలో చేరింది. సాహిత్య క్లాసురూములో దిగిన ఫొటోలు పంపేది. అక్సా వాటిని ఫోన్‌లో పెద్దవి చేసుకుని చూసేది. మనుషులను కాదు, వాళ్ల వెనకాల బోర్డును. సగం చెరిపిన ఆ సమీకరణాలను కాగితం మీద ఎక్కించుకుని మిగతా సగం ఏమై ఉంటుందా అని డ్యూటీలో కూర్చుని ఆలోచించేది. ఏ స్విచ్ ఎప్పుడు వేయాలో డిప్లొమా నేర్పింది. ఆ స్విచ్ అక్కడే ఎందుకుండాలో తేల్చేవాళ్లు ఆ బోర్డు ముందు కూర్చుంటారు. ఆమెకు అక్కడ కూర్చోవాలని ఉంది.

తెల్లవారగానే లైన్‌మన్ పగిడయ్య రాత్రి డ్యూటీలో ఉన్న అక్సాకు ఫోన్ చేసి, అడవి గుండా పోయే కరెంటు లైన్, అడవి ఫీడర్ మీద ఎల్‌సీ అడిగాడు. లైన్ మీద పని ఉన్నప్పుడు కరెంటు ఆపించుకునే అనుమతి అది. పని అయ్యాక లైన్‌మన్ దాన్ని తిరిగి ఇచ్చేదాకా సబ్‌స్టేషన్‌లో ఎవరూ స్విచ్ ముట్టకూడదు. ఊళ్ల వైపు లైన్లకు ఎవరు డ్యూటీలో ఉంటే వాళ్లు రిటర్న్ తీసుకుంటారు. అడవి ఫీడర్ సంగతి వేరు. ఫోన్లు సరిగా పలకవు, కబురు చేతులు మారుతుంది. అందుకని అక్కడి లైన్‌మన్లు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఎల్‌సీ అడిగిన గొంతే రిటర్న్ ఇవ్వాలి, ఎల్‌సీ ఇచ్చిన గొంతే దాన్ని తీసుకోవాలి. మధ్యలో మూడో మనిషి ఉండకూడదు.

ఈసారి పగిడయ్యే దాన్ని సడలించాడు.

"నా కోసం ఆగకు బిడ్డా. రిటర్న్ ఆ పిలగానికే ఇస్త. నువ్వు బస్సుకు పో."

ఆ మాట కోసమే కాచుకున్నట్టు అక్సా ఒప్పుకుంది.

పొద్దుటి డ్యూటీకి సాయికిరణ్ వచ్చాడు. ఉద్యోగంలో చేరి ఇంకా నెల కాలేదు. అడవి ఫీడర్ ఎల్‌సీలో ఉందని, పగిడయ్య రిటర్న్ ఇచ్చాకే కరెంటు వదిలి లైన్ ఇవ్వాలని చెప్పింది. గొంతు సంగతి చెప్పడం తొందరలో మరిచిపోయింది.

"ఇంజనీరమ్మవై వచ్చినంక మమ్మల్ని గుర్తువడతవా అక్కా?"

"రీడింగులు తప్పు రాస్తే మొదటి మెమో నీకే."

తెలిసిన ఆటో డ్రైవరు గోప్యా బండిలో అక్సా క్రాస్ రోడ్డుకు వచ్చింది. గోప్యా కిరాయి తీసుకోనన్నాడు, చెల్లె పెద్ద చదువుకు పోతుంటే పైసలేందన్నాడు. బస్సు వచ్చేదాకా టీ తాగుతానని పక్కనే ఆగాడు. భద్రాచలం వైపు నుంచి లారీలు తప్ప ఏమీ రావడం లేదు. అక్సా ఊరికే ఉండలేక సాయికిరణ్‌కు ఫోన్ చేసింది.

పని అయిపోయిందన్నాడు అతను. రిటర్న్ వచ్చిందట. పై ఇంజనీరు ఏఈ సార్‌తో ఒక మాట చెప్పి లైన్ ఇచ్చేస్తానన్నాడు.

"పగిడయ్య కాకనే మాట్లాడిండా?"

"ఆయన నంబరే అక్కా. మాట్లాడింది ఎవరో పెద్దమనిషి. పగిడయ్య దిగిండు, లైన్ ఇయ్యుమన్నడు. ఆగక్కా, ఏఈ సార్ చేస్తున్నడు."

ఫోన్ కట్ అయింది.

అక్సా వెంటనే పగిడయ్య నంబరుకు చేసింది. ఎత్తింది చెంచురామయ్య. కోస్తా నుంచి వచ్చి అడవి అంచున పొలం కొనుక్కున్న రైతు. నారుమడికి మోటారు నడవక రెండు రోజులుగా సబ్‌స్టేషన్‌కు ఫోన్లు చేస్తున్న మనిషే.

"నా కళ్లముందే దిగాడమ్మాయ్. మా చేలో స్తంభం మీద తీగ కట్టి దిగాడు. ఫోన్ నా చేతిలో పెట్టి వెళ్లాడు. నేనే మీవాళ్లకు కబురు చెప్పాను."

"ఎటు పోయిండండీ?"

"వాగు దాటి అటువైపు. నీళ్లలో తడుస్తుందనే కదా ఫోన్ నాకిచ్చింది."

పగిడయ్య ఇల్లు వాగుకు ఇవతల. అవతల అడవి, అందులోంచి పోయే లైన్ తప్ప ఏమీ లేదు. అంటే అతను ఇంటికి వెళ్లలేదు. తెగిన తీగ మరొకటి వెతుక్కుంటూ వెళ్లాడు. కరెంటు రాదన్న నమ్మకంతో ఏదో ఒక స్తంభం ఎక్కుతాడు. ఈపాటికి ఎక్కే ఉంటాడు.

సాయికిరణ్ నంబరు కలిపింది. బిజీ. మళ్లీ కలిపింది. బిజీ. ఏఈ ఇంకా మాట్లాడుతున్నాడు. ఏఈ నంబరూ అంతే.

అప్పుడే హైదరాబాద్ బస్సు వచ్చి ముందు ఆగింది.

కండక్టర్ ఎక్కమన్నాడు. అక్సా చెవి దగ్గర ఫోన్ పెట్టుకునే మెట్టు మీద ఒక కాలు వేసింది. బిజీ. బస్సులో కిటికీ పక్క సీటు ఒకటి ఖాళీగా కనబడింది. ఇది పోతే తర్వాతి బస్సు చేరేసరికి ఐదు దాటిపోతుంది. ఫోన్ ఈ క్షణమో మరుక్షణమో కలవొచ్చు. ఈలోపే సాయికిరణ్ స్విచ్ తిప్పనూవచ్చు.

కాలు కిందికి తీసింది.

"గోప్యన్నా, వెనక్కి పోనీ. జల్దీ."

గోప్యా గ్లాసు పారేసి ఏమీ అడగకుండా ఆటో తిప్పాడు. దారి పొడుగునా ఆమె ఫోన్ చేస్తూనే ఉంది. సబ్‌స్టేషన్ గేటు దగ్గర ఆటో పూర్తిగా ఆగకముందే దూకి పరిగెత్తింది.

సాయికిరణ్ ప్యానెల్ ముందు నిలబడి ఉన్నాడు. చెవికి ఫోన్, రెండో చెయ్యి బ్రేకర్ హ్యాండిల్ మీద.

"సాయీ, చెయ్యి తియ్."

ఆ గొంతుకే అతను చెయ్యి లాగేసుకున్నాడు. ఆమె ఫోన్ అందుకుంది. అటువైపు ఏఈ ఊళ్ల నుంచి వస్తున్న ఫిర్యాదులు ఏకరువు పెడుతున్నాడు, ఇంకెంతసేపని అడుగుతున్నాడు.

"మనిషి వాగు అవతల లైన్ మీద ఉన్నడు సార్. రిటర్న్ ఇచ్చింది ఆయన కాదు."

పగిడయ్య తిరిగొచ్చేదాకా లైన్ ముట్టొద్దని ఏఈ మెల్లగా చెప్పి పెట్టేశాడు.

సాయికిరణ్ నేల మీద కూర్చుండిపోయాడు. అక్సా కుర్చీలో కూర్చుని సర్టిఫికెట్ల ఫైలు ఒళ్లో పెట్టుకుంది. బయట వాన మళ్లీ మొదలై ఆగిపోయింది. బస్సు పాల్వంచ దాటి ఉంటుంది. తర్వాత కొత్తగూడెం. తర్వాత జూలూరుపాడు, రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలు. ఆ కిటికీ పక్క సీట్లో ఎవరు కూర్చున్నారో.

బస్సు ఖమ్మం చేరే వేళకు సాయికిరణ్ ఫోన్‌కు పగిడయ్య కాల్ వచ్చింది, అక్సా ఎత్తింది. అతని గొంతే.

"బిడ్డా? నువ్వింకా ఆడనే ఉన్నవేంది?"

"ముందు పని చెప్పు కాకా."

వాగు అవతల కూడా తీగ తెగిందట. కట్టి వచ్చాడట.

"నువ్వు దిగినవా? ఇంకెవరన్న ఉన్నరా లైన్ మీద?"

"ఎవ్వరు లేరు. నేనొక్కన్నే. ఇవతలికొచ్చి నిలబడ్డ. రిటర్న్ తీసుకో." ఆగి అన్నాడు, "బస్సేమైంది?"

జరిగింది అతనికి ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది. చెంచురామయ్యే చెబుతాడు. కానీ ఈ పూట అతను ఆ తీగల కిందినుంచే ఒంటరిగా ఇంటికి నడవాలి.

"కునుకు పట్టింది కాకా. బస్సు దాటిపోయింది."

పగిడయ్యకు కోపం వచ్చింది. ఇన్నేళ్లు చదివి, రాత్రుళ్లు పుస్తకం పట్టుకుని, చివరికి నిద్రకు సీటు పోగొట్టుకుంటారా అని తిట్టాడు. గిట్లనా బిడ్డా చేసేది అన్నాడు. తనకు చెబితే మోటార్ సైకిల్ మీద ఖమ్మం దాకా దింపేవాడినన్నాడు. అక్సా అంతా విన్నది. నేల మీద సాయికిరణ్ తల ఎత్తలేదు.

"లైన్ ఇస్తున్న కాకా. పక్కకు జరుగు."

హ్యాండిల్ తిప్పింది. అడవి ఫీడర్ మీటరులో ముల్లు లేచి నిలబడింది. అవతల ఎక్కడో చెంచురామయ్య మోటారు నీళ్లు పోస్తూ ఉంటుంది.

తర్వాత కాలేజీ అడ్మిషన్ సెక్షన్‌కు ఫోన్ చేసింది. రేపు పొద్దున వస్తే కుదురుతుందా అని అడిగింది. క్లర్కు కసరలేదు. ఐదింటికి పోర్టల్ మూసేస్తారని, ఇదే ఆఖరి విడత అని, మళ్లీ వచ్చే ఏడు పరీక్ష రాయాల్సిందేనని చెప్పాడు.

"రేపు క్లాసులు ఎన్నింటికి మొదలైతయి సార్?"

"తొమ్మిదిన్నరకు. ఎందుకమ్మా?"

"ఊరికే సార్."

ఆయన సరే అని ఫోన్ బల్ల మీద పెట్టాడు. కట్ చేయడం మరిచిపోయాడు.

ఆ గది చప్పుడు వినిపిస్తోంది. కుర్చీలు జరుగుతున్నాయి, ఎవరో నవ్వుతున్నారు. డిప్లొమా వాళ్లంతా ఈ వరుసలోకి రండని క్లర్కు పిలిచాడు. ఒక అమ్మాయి తన పేరు చెప్పింది. ఏ బ్రాంచి అని అడిగారు. ఎలక్ట్రికల్ అంది. స్టాంపు పడింది.

టీ తెమ్మంటావా అక్కా అని సాయికిరణ్ అడగబోయాడు. అక్సా వేలు ఎత్తి ఆపింది. ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది.

"తర్వాత ఎవరు?" అంటున్నాడు క్లర్కు.