బెనీతో కప్పులో లల్లి పాలు

నేను ఒక ఎర్రమట్టి కప్పుని. మెక్సికో దేశపు దక్షిణాన వహాకా అనే ఊరుంది. ఆ పక్కనే ఉన్న కుమ్మరి పల్లె నా పుట్టిల్లు. నన్ను చేసిన ముసలమ్మకు కుమ్మరి చక్రం లేదు. మట్టిముద్దను రెండు చేతుల మధ్య తిప్పి తిప్పి నిలబెట్టింది, మొక్కజొన్న కండెతో ఒళ్ళు నునుపు చేసింది, ఆరుబయట కట్టెల మంటలో కాల్చింది. పిడి కాస్త వంకరగా వచ్చింది. "కొనేవాడికీ ఏదో ఒక వంకర ఉంటుందిలే," అని నన్ను సంతబుట్టలో వేసింది.

ఆమె అన్నట్టే అయింది. నన్ను కొన్న బస్సు డ్రైవరు బెనీతోకు ఒక వేలు వంగేది కాదు. ఆ వేలికి నా పిడి చక్కగా కుదిరింది. ఇక వేరే కప్పు ముట్టలేదు. కాఫీ ఏమాత్రం చల్లారినా భార్య ఒఫెలియాను పిలిచేవాడు.

"ఇది కాఫీనా, చెరువునీళ్ళా?"

"చెరువునీళ్ళయితే చేపలుండేవి. తాగు."

పిల్లల్లేని ఆ ఇంట్లో సందడంతా అదే. ఒక మధ్యాహ్నం బెనీతో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఒఫెలియా నన్ను కడిగి, తుడిచి, అల్మారాలో బోర్లించింది. నన్ను చూడలేక తలుపు కూడా వేసేసింది.

నవంబరు వచ్చాక ఆ తలుపు తీసింది. ఇక్కడి వాళ్ళ నమ్మకం ప్రకారం పోయినవాళ్ళు ఏడాదికోసారి ఇంటికొస్తారు. వాళ్ళ కోసం బల్ల మీద మెట్లు మెట్లుగా పీఠం కట్టి, ఫొటోలు పెట్టి, గుమ్మం నుంచి బంతిపూల రేకులు చల్లి దారి వేస్తారు. సాంబ్రాణిలాంటి పొగ వేసి, వాళ్ళకిష్టమైనవన్నీ వండి పెడతారు. మనుషులు చిత్రమైనవాళ్ళు. బతికున్నప్పుడు విసుక్కుంటూ ఇచ్చిన కాఫీనే పోయాక పొగలు కక్కేలా కాచి, రెండు చేతులతో పట్టుకొచ్చి పెడతారు. అలా ఏటా ఒక్కరోజు నాలో బెనీతో కాఫీ ఉండేది. మిగతా ఏడాదంతా ఆ రోజు కోసం చూసేదాన్ని.

తెలుగు నాకెలా వచ్చిందంటారా? తరళ వల్ల. మొక్కజొన్న విత్తనాల మీద పరిశోధనకు నూజివీడు నుంచి వచ్చి, మా మేడ మీద గదిలో అద్దెకు దిగింది. ఇక్కడి భాష త్వరగానే పట్టుబడింది గాని, ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం తెలుగులోనే గొణుక్కునేది. ఆ ఇంట్లో ఆ గొణుగుడు వినేదాన్ని నేనొక్కదాన్నే.

ఆ ఏడు నవంబరు మొదలయ్యే ముందు రోజు సాయంత్రం ఒఫెలియా పీఠం సర్దుతుంటే తరళ పూలు అందిస్తోంది.

"మీవాళ్ళెవరైనా ఉన్నారా అమ్మాయ్? ఇక్కడే చోటిద్దాం," అంది ఒఫెలియా.

"ఎవరూ లేరండీ."

"సరే. ఆ చిన్న రొట్టెలు కింది మెట్టు మీద పెట్టు. అవి పిల్లలవి. పెద్దవాళ్ళు ఎల్లుండి వస్తారు. రేపు పిల్లలొస్తారు."

తరళ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది.

"పిల్లలకు కూడా రోజుందా?"

"లేకపోతే ఎలా? వాళ్ళకు ఆకలెక్కువ."

తరళ నేల మీద కూలబడింది. రొట్టె ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. "నాకొక పాప ఉండేది. మూడో ఏడు నిండలేదు, జ్వరమొచ్చి పోయింది. మా వైపు తద్దినాలు పెద్దవాళ్ళకే. అంత చిన్నపిల్లలకు ఏమీ ఉండవు. మరిచిపోమన్నారు. మా ఇంట్లో ఇప్పుడు దాని పేరు కూడా ఎవరూ ఎత్తరు."

"ఏం పేరు?"

"లహరి. లల్లీ అనేవాళ్ళం."

"లాలీ," అంది ఒఫెలియా, తనకు నోరు తిరిగినట్టు. "ఏం తాగేది మన లాలీ?"

"బెల్లం పాలు."

ఒఫెలియా అల్మారా తెరిచి నన్ను తీసింది. "బెనీతో ఎల్లుండి దాకా ఆగుతాడు. పిల్లలు ఆగరు."

తరళ ఫోన్లో దాచుకున్న ఫొటోను వీధి చివరి స్టూడియోలో అచ్చు వేయించుకొచ్చి కింది మెట్టు మీద పెట్టింది. పాలు కాచి, పొయ్యి మీంచి దించాక బెల్లం కలిపి నాలో పోసింది. అప్పుడు నూజివీడులో తెల్లవారుతోంది. భర్త మురహరికి ఫోన్ చేసింది. పాప పోయాక ఇద్దరూ చెరో పనిలో తలదూర్చి, మాట్లాడుకోవలసిన మాట తప్ప అన్నీ మాట్లాడుకుంటూ వచ్చినవాళ్ళు.

"ఏమండీ, ఇక్కడ రేపు పోయిన పిల్లలు ఇంటికొచ్చే రోజట. లల్లికి పాలు పెడుతున్నాను."

ఫోన్ నా పక్కనే ఉంది కాబట్టి ఆయన మాట నాకూ వినబడింది.

"బెల్లం వేశావా?" అన్నాడు.

"వేశాను."

"కాస్త చల్లారనియ్. వేడివైతే మూతి తిప్పుకుంటుంది."

తరళ నన్ను గుండెలకు హత్తుకుని ఏడ్చింది. అటు ఆయనా ఏడ్చాడు. ఆ తరువాత ఇద్దరూ పాప కబుర్లలో పడ్డారు. కాకిని కాకమ్మగారూ అని పిలవడం, నాన్న చెప్పులు బియ్యం డబ్బాలో దాచడం. ఒక్క ముక్కా అర్థంకాని ఒఫెలియా ఒక కుర్చీ తెచ్చి తరళ వెనక వేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పెద్దవాళ్ళ రోజున నాలో కాఫీ పోస్తూ ఒఫెలియా బెనీతో ఫొటోతో అంది: "పాలవాసన పోలేదు. ఈ ఏటికి సర్దుకో."

పని ముగించుకుని తరళ వెళ్ళిపోయే రోజున ఒఫెలియా నన్ను కాగితంలో చుట్టి ఇచ్చింది. తరళ కాగితం విప్పి, నన్ను మళ్ళీ అల్మారాలో పెట్టింది.

"అక్కడ మేమిద్దరం పెట్టుకుంటామండీ. ఇక్కడ మీరు పెట్టండి. దానికి ఈ ఇల్లు కూడా తెలుసు కదా."

ఆ తరువాత నేను తెలుగు వినలేదు. గుమ్మంలో ఎవరి అడుగు పడినా ఆ గొణుగుడు వినబడుతుందేమోనని చూస్తాను. ఎన్నో నవంబర్లు గడిచాయి. ఒఫెలియా ఫొటో కూడా బెనీతో పక్కన చేరింది. ఇప్పుడీ ఇంట్లో ఉంటున్నది ఆమె మేనకోడలు మారిసోల్. తరళను ఆమె ఎన్నడూ చూడలేదు.

మొన్న మారిసోల్ పీఠం సర్దుతుంటే పక్కింటావిడ వచ్చింది. కింది మెట్టు మీద ఫొటోను వంగి చూసింది.

"ఈ పాపెవరు? మీ పోలికలే లేవు."

మారిసోల్ నాలో పాలు పోస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"లాలీ. మా ఇంటి పిల్ల."