వర్షతొడకు నాడు వెనక్కి పోయిన కారు

ఉగాది మరుసటి రోజును మా బాగేపల్లి వైపు వర్షతొడకు అంటారు. ఆ రోజు ఏ పని చేస్తే ఏడాదంతా అదే చేయాల్సి వస్తుందని నమ్మకం. కాబట్టి ఆ రోజు ఎవరూ ఎవరినీ తిట్టరు, ఎవరూ ఏడవరు. ఈ విషయంలో మా ఇంట్లో తీర్పు చెప్పేది అవ్వ యశోదమ్మ. ఈ సంగతి జరగడానికి ముందు ఏడు ఆ రోజున మా అన్న కిశోర్ సోల్డరింగ్ కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ఏడాదంతా అన్న చేతిలో ఆ కడ్డీయే ఉంది.

"ఆ పొద్దే చెప్తి గదరా, ముట్టుకోవద్దని," అనేది అవ్వ, ఇంట్లో ఏది కాలిపోయినా.

కాలిపోయేవి అన్న రిమోటు కారులోని సామాన్లు. అన్న చిక్కబళ్లాపురంలో ఇంజనీరింగ్ చదివేవాడు. కారుతో వచ్చిన మోటరు తీసేసి, బెంగళూరు నుంచి బ్రష్‌లెస్ మోటరు తెచ్చి పెట్టాడు. దానికి మూడు తీగలు, అచ్చం మా బోరు మోటరుకు ఉన్నట్టే. బ్యాటరీ కరెంటును ఆ మూడు తీగలకు పంచుతూ వేగాన్ని పెంచేది, తగ్గించేది స్పీడు కంట్రోలరు. అగ్గిపెట్టె అంత ఉంటుంది. అన్న కొన్న కంట్రోలరు ఇరవై ఐదు ఆంపియర్లది. కారు నాలుగు సార్లు మా సిమెంటు కళ్లం చుట్టి వచ్చేసరికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కి ఆగిపోయేది.

"వోల్టేజి చాలక పోయింటాదిరా," అన్నాడు మా నాయన లక్ష్మణప్ప. "వోల్టేజి తగ్గితే మోటరు కరెంటు జాస్తి లాగుతాది. మన బోరు ఎన్నిసార్లు కాలలేదు?"

బోరు విషయంలో అది నిజమే. కరెంటోళ్లు సరిగా వోల్టేజి ఇవ్వక మోటర్లు కాలని ఊరు మా తాలూకాలో లేదు. ఆ మాట విన్న అన్న రెండు సెల్లుల బ్యాటరీ తీసి మూడు సెల్లులది పెట్టాడు. కారు బాణంలా దూసుకుపోయింది. టమోటా క్రేట్ల దాకా పోయి, అక్కడ సన్నగా పొగ వదిలి నిలబడిపోయింది.

నాకు ఆ కారు నడపాలని ఉండేది. ఒక్కసారి కాదు, నా ఇష్టం వచ్చినంత సేపు. అడిగితే అన్న, "నీ చేతికిస్తే కాలిపోతాది మే," అనేవాడు. కాలిందంతా తన చేతిలోనే. నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. కంట్రోలరు చల్లగా ఉన్నప్పుడు ఎంతసేపు తిరిగిందో, మట్టిలోకి దిగితే ఎంత తొందరగా వేడెక్కిందో నాకు తెలుసు.

ఒకరోజు అన్న స్నానానికి పోయినప్పుడు తన ఫోన్ తీసుకుని, మోటరు కొన్న బెంగళూరు అంగడికి చేసి అంగడాయనను కన్నడలో అడిగాను. ఆయన విసుక్కోకుండా చెప్పాడు. మోటరు ఎక్కువలో ఎక్కువ లాగేది నలభై ఆంపియర్లయితే కంట్రోలరు దానికి మించి ఉండాలట, అరవై ఆంపియర్లదైతే నిశ్చింత అట. ఇంకో సంగతి, ఈ మోటరు బోరు మోటరులాంటిది కాదు. వోల్టేజి పెంచితే కరెంటు కూడా ఎక్కువే లాగుతుంది. రెండు సెల్లులు దాటకూడదు.

నేను చెబితే అన్న వినడు. అందుకని నాయన దగ్గరికి పోయాను.

"నాయనా, ఐదు హెచ్‌పీ మోటరుకు మూడు హెచ్‌పీ స్టార్టరు పెడితే ఏమవుతాది?"

"కాలిపోతాది. ఏమిటికి?"

"ఏడున్నరది పెడితే?"

"చల్లగా ఉంటాది. స్టార్టరు పెద్దదుంటే మోసమేం లేదు."

"ఆ మాట అన్నకు చెప్పు. నేనడిగినానని చెప్పద్దు."

నాయన నా ముఖం చూసి నవ్వుకున్నాడు. రాత్రి ముద్ద తింటూ, తనకే తట్టినట్టు చెప్పాడు. అన్న ఆ వారమే పోయి అరవై ఆంపియర్ల కంట్రోలరు తెచ్చాడు. బ్యాటరీ సంగతి అంగడాయన తనకూ చెప్పినట్టున్నాడు, మూడు సెల్లులది తీసేశాడు. తీసేసినదాన్ని మాత్రం చింతామణిలో ఉండే మా మామ కొడుకు మంజునాథ బావకు ఇచ్చాడు. బావ దగ్గర కూడా అలాంటి కారే ఉంది, పాత చిన్న కంట్రోలరుతో.

"ఇది పెట్టు బావా. వోల్టేజి జాస్తి ఉంటే కరెంటు తక్కువ లాగుతాది. మా నాయన చెప్పినాడు," అన్నాడు అన్న, ముఖం కదలకుండా.

మా ఇంట్లో చిలిపితనం నా ఒక్కదానికే రాలేదు.

ఆ ఏటి వర్షతొడకు నాడు అన్నకూ బావకూ కార్ల పందెం అనుకున్నారు. కొత్త కంట్రోలరు నిలిస్తే రిమోటు నాకూ ఇస్తానని అన్న ముందు ఒప్పుకున్నాడు. అది నిలిచింది, చల్లగా నిలిచింది. అప్పుడు మాట మార్చాడు. "పందెం అయిపోనీ మే, ఆమీద చూద్దాం." ఆ చూద్దాం నాకు తెలుసు. ఆ రోజు రిమోటు ఎవరి చేతిలో ఉంటే ఏడాదంతా వాళ్ల చేతిలోనే.

ఉగాది సాయంత్రం చంద్రుణ్ని చూసి దండం పెట్టుకోవడం మా వైపు ఆచారం, అందుకు అందరూ మిద్దె ఎక్కారు. నేను ఓళిగల, అంటే బొబ్బట్ల, గిన్నె మూసి వస్తానని కింద ఉండిపోయాను. బోరు మోటరు వెనక్కి తిరిగితే నాయన మూడు తీగల్లో ఏవో రెండింటిని అటూ ఇటూ మారుస్తాడు. ఈ మోటరూ అంతే. కారు మూత తీసి, రెండు తీగలు పీకి, ఒకదాని చోట ఇంకొకటి గుచ్చి, మూత పెట్టేశాను. ఈ పని మరుసటి రోజు చేసి ఉంటే ఏడాదంతా నాకు అల్లరే పని అయ్యేది. అందుకే ముందే ముగించి, పైకి పోయి చంద్రుడికి దండం పెట్టుకున్నాను.

పొద్దున బావ చింతామణి నుంచి వచ్చాడు. కళ్లంలో క్రేట్లు అడ్డంగా పెట్టి దారి గీశాం. అవ్వ ఓ మూల చేటలో వడియాలు ఎండబెట్టుకుంటోంది. నాయన విజిల్ వేశాడు. బావ కారు ముందుకు పోయింది. అన్న కారు గిర్రున వెనక్కి పోయి అవ్వ చేటలోకి ఎక్కింది.

అవ్వ పళ్లు బిగించి నవ్వింది. "పోనీలే నాయనా. వడియాలే గదా."

"మీ ఊరి రోడ్డు మాదిరే ఉండాదే నీ కారు," అన్నాడు బావ తన కారు ఆపి. "ముందుకు పోవల్లంటే ఎనక్కి పోతాది."

అన్న నా వైపు తిరిగాడు. అరవాలని ఉంది, అరవకూడదు. గొంతులో తేనె పోసుకున్నట్టు అడిగాడు. "వీణమ్మా, కారు ముట్టుకున్నావా తల్లీ?"

"ఈ పొద్దు ముట్టుకోలేదన్నా," అన్నాను. అబద్ధం కూడా ఆ రోజు ఆడకూడదు.

"దాన్ని మళ్లా ఎనక్కి పోనీవద్దురా," అంది అవ్వ. "ఏడాదంతా ఎనక్కే పోతావు."

"బోరు ఎనక్కి తిరిగితే ఏం చేస్తాం?" అన్నాడు నాయన, ఆకాశం వైపు చూస్తూ.

"రెండు తీగలు మార్చల్ల. నాకు తెలీదా?" అన్నాడు అన్న.

"తెలుసు గదా, మార్చు."

అన్న చెయ్యి ముందుకు చాచి వెనక్కి తీసుకున్నాడు. సోల్డరింగ్ కడ్డీ గుర్తొచ్చి ఉంటుంది. "నేను ముట్టుకోను. బావా, నువ్వు?"

"నేనా? ఏడాదంతా మీ యింటి రిపేర్లు చేయల్లనా?"

"నేను చేస్తాలే," అన్నాను. "ఏడాదంతా చేసేదానికి నాకేం బాధ లేదు. కానీ అవ్వా, రిపేరి చేసినోళ్లే నడిపి చూడల్ల గదా?"

అవ్వ వడియాలను చూసింది, అన్నను చూసింది. "న్యాయమే," అంది.

తీగలు మార్చడానికి ఊపిరి పట్టినంత సేపు కూడా పట్టలేదు. రిమోటు ఇస్తూ అన్న దాన్ని వెంటనే వదల్లేదు. నేను మెల్లగా లాక్కున్నాను.

"ఆడపిల్లతో పందెమా?" అన్నాడు బావ.

"ఓడిపోతే ఏడవకూడదు బావా, ఈ పొద్దు," అన్నాను.

నాయన మళ్లీ విజిల్ వేశాడు. బావ మూడు సెల్లులతో ఒక్క దూకులో నన్ను దాటిపోయాడు. నేను తొందరపడలేదు. మలుపుల్లో తగ్గించి, సిమెంటు మీదే ఉంచి నడిపాను. రెండో చుట్టులో బావ కారు నుంచి నాకు బాగా తెలిసిన వాసన వచ్చింది. అన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు. బావ కారు పొగ వదిలి నిలబడింది. నా కారు దాని పక్కగా పోయి గీత దాటింది. ఆపి కంట్రోలరు మీద వేలు పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది.

బావ నవ్వడానికి చాలా కష్టపడ్డాడు. "దీన్ని ఎవరు బాగు చేస్తారిప్పుడు?"

అందరూ నన్నే చూశారు.

ఆ ఏడాదంతా రిమోటు నాదే, రిపేర్లూ నావే. బావ ఆదివారం ఆదివారం చింతామణి నుంచి కారును తువ్వాలలో చుట్టుకుని వచ్చేవాడు. అవ్వ మిక్సీ తెచ్చేది, టార్చి తెచ్చేది, మండికల్లులో ఉండే తన చెల్లెలి ఇస్త్రీపెట్టె కూడా తెప్పించింది. "నువ్వే ఒప్పుకుంటివి గదమ్మా," అనేది.

మళ్లీ ఉగాది వచ్చింది. సాయంత్రం అందరూ మిద్దె ఎక్కుతుంటే అన్న మెట్ల దగ్గరే ఆగాడు. కాలు నొప్పిగా ఉందట, కింద కూర్చుంటాడట. పొద్దుటి నుంచి ఆ కాలితోనే ఊరంతా తిరిగాడు.

రిమోటుతో పాటు రిపేర్లు కూడా ఈ ఏడు అన్నకే పోనీలే అనుకుని పైకి పోయాను. చంద్రుడు ఆ ఏడు తొందరగానే కనిపించాడు. అయినా, "యాడ? నాకు కనిపించలేదే," అంటూ అందరినీ ఇంకాసేపు పైనే నిలబెట్టాను.